చంద్రగిరి మాట, పులికాట్ కోట

ప్రశ్న: పులికాట్‌లో డచ్చివాళ్ల కోట ఉండేదట. మా చంద్రగిరికి దాంతో సంబంధం ఏమైనా ఉందా సార్? - ఓ పాఠకురాలు, తిరుపతి

జవాబు: ఉందమ్మా, గట్టి సంబంధమే! 1610లో డచ్చివాళ్లు పులికాట్‌లో వ్యాపారానికి అనుమతి తెచ్చుకున్నది చంద్రగిరి కోట నుంచి ఏలిన విజయనగర రాజు వెంకటపతి రాయల దగ్గరే. 1613కల్లా గెల్డ్రియా కోట లేచింది. అద్దకం బట్టలు ఓడలెక్కి జావా దాకా వెళ్లాయి. పులికాట్ నుంచి మనుషుల్ని కూడా బానిసలుగా తరలించారు, ఈ సంగతి మరవకూడదు. 1690లో వాళ్ల ముఖ్య స్థావరం నాగపట్నానికి మారింది.

కోటలో ఇప్పుడు మిగిలింది ముళ్లకంపలే. డచ్చి శ్మశానం మాత్రం తప్పకుండా చూడండి. గేటుకి రెండువైపులా రాతి అస్థిపంజరాలు నిలబడి ఉంటాయి. పక్కటెముకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా చెక్కారు. నేనైతే లోపలికి వెళ్లకుండా అక్కడే చాలాసేపు ఆగిపోయాను.