చాంగే-5 తేదీ: మీ నోట్సులో తప్పు లేదు

చంద్రుడి మట్టి తేవడానికి చైనా పంపిన వ్యోమనౌక చాంగే-5 ప్రయోగానికి మీ నోట్సులో ఒకచోట 2017 అని, మరోచోట 2020 అని ఉందని, ఏది రాయాలో తెలియడం లేదని అడిగారు. 2020 రాయండి. 2017 చివర్లో పంపాలన్నది మొదటి ప్రణాళిక. దాన్ని మోసుకెళ్లాల్సిన లాంగ్ మార్చ్-5 రాకెట్ ఆ ఏడాది జులైలో విఫలమవడంతో ప్రయోగం 2020 నవంబరుకు వాయిదా పడింది. చాంగే-4 మాత్రం వేరే రాకెట్‌పై వెళ్లి, 2019 జనవరి 3న చంద్రుడి అవతలి వైపు దిగింది.

మట్టి కోసం రెండుసార్లు ఎందుకు వెళ్లారన్న మీ రెండో ప్రశ్న నాకు చాలా నచ్చింది. చాంగే-5 మనకు కనిపించే వైపు నుంచి 1,731 గ్రాములు తెచ్చింది. అందులోని లావా రాళ్ల వయసు సుమారు 200 కోట్ల ఏళ్లు. అపోలో యాత్రికులు తెచ్చిన లావా రాళ్లు 300 కోట్ల ఏళ్లు దాటినవి. అంటే చంద్రుడి లోపలి వేడి మనం అనుకున్నంత త్వరగా చల్లారలేదు! మరి అవతలి వైపు సంగతేమిటి? అది తేల్చడానికే చాంగే-6 వెళ్లి, 2024 జూన్‌లో 1,935.3 గ్రాములతో తిరిగివచ్చింది. అటు నుంచి భూమికి నేరుగా సంకేతాలు అందవు కాబట్టి, వాటిని మధ్యలో అందుకుని పంపే క్యూచియావో-2 అనే ఉపగ్రహాన్ని ముందుగానే పంపారు. మీరు రాసే జవాబులో ఈ ఉపగ్రహం గురించిన వాక్యం తప్పక చేర్చండి.