మల్లె ఏపుగా ఉంది, మొగ్గే లేదు

ప్రశ్న: మాది మైలవరం దగ్గర. అరెకరంలో గుండుమల్లె వేసి నాలుగేళ్లయింది. చెట్లు నడుం దాటి పెరిగాయి, ఆకు నిగనిగలాడుతోంది, కానీ పోయిన వేసవిలో పక్క తోటలో వచ్చిన పూలల్లో సగం కూడా రాలేదు. వచ్చిన మొగ్గలు కూడా చాలావరకు ఊదారంగుకు తిరిగి, విచ్చకుండానే ఎండిపోయాయి. మందుల కొట్టులో ఇచ్చిన పూత మందులు మూడు రకాలు కొట్టాను. డ్రిప్ ఉంది, నీటికి లోటు లేదు, నెలనెలా యూరియా వేస్తున్నాను. చెట్టు దెబ్బతింటుందేమోనని ఇంతవరకు కొమ్మలు కత్తిరించలేదు. హైదరాబాద్‌లో మా అమ్మాయి కుండీలో పెంచుతున్న మల్లె కూడా పూయడం లేదట. ఏం చేయమంటారు?

జవాబు: పూత మందులకు పెట్టింది పోతే పోయింది, ఇక కొట్టకండి. పూత రాకపోవడానికి జబ్బేమీ కారణం కాదండీ, మీ చెట్టుకు కడుపు నిండి బద్ధకం పట్టింది, అంతే. మల్లె ముదురు కొమ్మకు పూయదు, కొత్తగా వచ్చిన చిగురు చివర మొగ్గ తొడుగుతుంది. మీరు నాలుగేళ్లుగా కొమ్మ కొయ్యలేదు, నీరు ఆపలేదు, పైగా నెలనెలా యూరియా. ఇక దానికి పూయాల్సిన అవసరం ఏముంది, ఆకు పెంచుకుంటూ కూర్చుంది.

నవంబరు ఆఖర్లో అడిగారు కాబట్టి సమయం మించిపోలేదు. ఈరోజే డ్రిప్ కట్టేయండి. ఆకు వాడుతుంది, పసుపుబారుతుంది, రాలుతుంది, అది చూసి మనసాగక మళ్లీ వాల్వు తిప్పేవాళ్లను చాలామందిని చూశాను, మీరు మాత్రం తిప్పకండి. ఎర్ర నేలయితే రెండు వారాలకే చెట్టు బెట్టకు వస్తుంది, అంటే నీరందక వాడి ఆకు రాలుస్తుంది, నల్లరేగడి అయితే ఇంకాస్త ఆగాలి. కొన్నిచోట్ల ఈ దశలో గొర్రెల మందను తోటలోకి వదిలి ఆకు మేపిస్తారు, ఎరువు కూడా పడుతుంది కాబట్టి మంచి పద్ధతే, కాకపోతే అంతకుముందు పురుగుమందు కొట్టి ఉంటే ఆ పని చేయొద్దు.

డిసెంబరు నెలాఖరులోపు కత్తిరింపు అయిపోవాలి. నేల నుంచి 50 సెంటీమీటర్లు, అంటే అడుగున్నరకు కాస్త పైన, చెట్టంతా ఒకే ఎత్తున కొట్టేయండి. ఎండుపుల్లలు, ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు మొదలుకంటా తీసేయాలి. సికేచర్, అంటే కొమ్మలు కోసే కత్తెర, పదునుగా ఉండాలి, మొద్దుబారిన కత్తితో చీల్చిన కొమ్మలోకే తెగులు దిగుతుంది. కోసిన మర్నాడు లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి కొమ్మలన్నీ తడిసేలా కొట్టండి. మోడులు చూసి ఇంట్లోవాళ్లు తోట పాడుచేశావని తిడతారు, ఓ నెల ఓర్చుకోండి.

తర్వాత పాదులు తవ్వి చెట్టుకు 10 కిలోల చివికిన పశువుల ఎరువు, 65 గ్రాముల యూరియా, 375 గ్రాముల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, 100 గ్రాముల మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ మొదలుకు అడుగు దూరంలో చుట్టూ వేసి, మట్టి కప్పి, అప్పుడు నీరు వదలండి. ఇదే మోతాదు మళ్లీ జూన్, జూలైలో ఒకసారి. ఏడాదికి ఈ రెండుసార్లే, నెలనెలా యూరియా మానేయండి. కొత్త చిగుళ్లలో ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో ఆకు తెల్లబారితే అది ఇనుము లోపం. లీటరుకు 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), చిటికెడు నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి వారం తేడాతో రెండుసార్లు కొడితే తిరుగుతుంది.

ఊదారంగు మొగ్గల సంగతి వేరు, దాన్ని పూత రాకపోవడంతో కలిపి చూడకండి. చెట్టు మీద ఇప్పుడున్న నాలుగు మొగ్గల్లోనే కింద ఉబ్బినట్టున్నది ఒకటి తెంపి, అరచేతిలో పెట్టుకుని అడుగుభాగాన్ని గోటితో చీల్చి చూడండి. సన్నటి తెల్లటి పురుగులు కదులుతుంటాయి, ముదిరినవైతే ముడుచుకుని టక్కున ఎగిరి కింద పడతాయి. ఇది మొగ్గ ఈగ. మొగ్గకు గుండ్రటి రంధ్రం ఉండి, పక్క మొగ్గలు దారాలతో అల్లుకుని, లోపల నల్ల తల ఉన్న ఆకుపచ్చ పురుగు కనిపిస్తే అది మొగ్గ తొలుచు పురుగు. మీరు చెప్పిన రంగును బట్టి ఈగే అనుకుంటున్నాను. ఈ ఈగ పిల్ల పురుగు నేలలోకి దిగి కోశస్థ దశలో, అంటే గూడులో ఈగగా మారే దశలో, ఉంటుంది, కాబట్టి పైన ఎంత మందు కొట్టినా కింద నుంచి మళ్లీ లేస్తుంది. రాలిన మొగ్గలు ఏరి కాల్చేయాలి, పాదుల్లో పైమట్టి తరచూ కదిలించి ఎండ తగలనివ్వాలి. ఫిబ్రవరిలో మొగ్గ కనబడగానే 5 శాతం వేపగింజల కషాయం, అంటే 100 లీటర్ల నీటికి 5 కిలోల గింజల పొడి, పదిరోజులకోసారి సాయంత్రం పూట కొట్టండి. తలలో పెట్టుకునే పువ్వు, దేవుడికి పెట్టే పువ్వు, ఘాటు మందుల జోలికి పోవడం నాకిష్టం లేదు. తప్పదనుకుంటే మీ ఉద్యాన అధికారికి ఆ మొగ్గ చూపించాకే కొనండి.

మీ అమ్మాయి కుండీ గురించి: బాల్కనీలో నేరుగా ఎండ ఎంతసేపు పడుతుందో ముందు అడగండి. ఐదారు గంటలు లేకపోతే మల్లె ఆకులే ఇస్తుంది, కుండీని మేడ మీదకు మార్చమనండి. కొమ్మలు సగానికి కోసి, వేర్లు కుండీ నిండా చుట్టుకుని ఉంటే కాస్త పెద్ద కుండీలోకి మార్చి, పైమట్టి ఆరాకే నీళ్లు పోయమనండి. రోజూ చెంబుడు పోస్తూ ఉండి ఉంటుంది, మీ అలవాటే కదా.