విశాఖ పోర్టు పక్క వాడల్లో ఆయాసం ఎందుకెక్కువో తేల్చాలంటే పరిశోధన ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు గాలిలో దుమ్ము కొలిచే సెన్సర్ కొనకండి. పోర్టు పక్కనున్న పాత ఊరు వన్ టౌన్‌లో ఒకటి, పోర్టుకి దూరంగా ఉన్న ఎంవీపీ కాలనీలో ఒకటి పెట్టి పోలిస్తే చాలా అని అడిగారు. చాలదు. వన్ టౌన్‌లో బొగ్గు దుమ్ముతోపాటు ఇరుకు అద్దె గది, కిటికీ లేని వంటిల్లు, కూలి పని, బీడీ అన్నీ ఒకే మనిషి మీద పడతాయి. గాలి తేడా చూపించి జబ్బు తేడాకి అదే కారణమంటే థీసిస్ ఎగ్జామినర్ మొదటి ప్రశ్నకే దొరికిపోతారు. పోలికేదో ఒకే వీధిలో పెట్టుకోండి: గ్యాస్ మీద వండే ఇల్లు, కట్టెల మీద వండే ఇల్లు, బొగ్గు యార్డులో పనిచేసే మనిషి, చేయని మనిషి.

పైగా చౌక సెన్సర్లు కణాల మీద చెదిరే కాంతిని బట్టి లెక్కకడతాయి. మన తీరపు తేమకి కణాలు నీరు పట్టి ఉబ్బుతాయి, రీడింగు ఉన్నదానికన్నా పైకి పోతుంది. వాడక తప్పకపోతే ముందు రెండు వారాలు ప్రభుత్వ మానిటరింగ్ స్టేషన్ పక్కన ఉంచి, తేమ కూడా రాసుకుంటూ సరిచూసుకోండి.

అసలు చిక్కంతా తలుపు తట్టే వేళలో ఉంది. పగలు పదకొండింటికి వెళ్తే ఆడవాళ్లు, ముసలివాళ్లే దొరుకుతారు. షిఫ్టు కూలీల కోసం సాయంత్రాలు, ఆదివారాలు వెళ్లాలి. మత్స్యకారుల పేట జాలారిపేటలో మగవాళ్లు కావాలంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే సముద్రపు చేపల వేట నిషేధం రోజులు మేలు. కాకపోతే అది చలికాలపు దుమ్ము ఉండే కాలం కాదు. అందుకని "ఇప్పుడు దగ్గుందా" అనొద్దు, "గడిచిన 12 నెలల్లో" అని అడగండి. దీర్ఘకాలిక బ్రాంకైటిస్ అనాలంటే ఏడాదికి 3 నెలల చొప్పున, వరుసగా 2 ఏళ్లు కఫంతో దగ్గు ఉండాలి. బాగా జబ్బుపడ్డవాళ్లు శ్రీకాకుళం వైపు సొంతూళ్లకి వెళ్లిపోయి ఉంటారు. "ఈ ఇంటి నుంచి జబ్బుతో ఊరికెళ్లినవాళ్లు ఉన్నారా" అన్న ప్రశ్న లేకపోతే మీ లెక్కలో పోర్టు పక్కవాళ్లే ఆరోగ్యంగా కనిపిస్తారు!

శాంపిల్ విషయానికొస్తే, వీధికి 20 ఇళ్లు తీసుకుని, వీధిలోపలి పోలిక గుణకం (ఒకే వీధి ఇళ్లు ఒకదాన్నొకటి ఎంత పోలి ఉంటాయో చెప్పే ICC) 0.05 అనుకుంటే, విడివిడిగా ఇళ్లు ఎంచుకుంటే సరిపోయే మామూలు సంఖ్యని 1.95తో, అంటే 1 + (20 − 1) × 0.05తో, గుణించాలి. సగం థీసిస్‌లలో ఈ గుణింతమే కనబడదు.

కుటుంబాల సామాజిక, ఆర్థిక స్థాయి కొలిచే 1976 నాటి కుప్పుస్వామి స్కేలు గురించి కూడా చెప్పాలి. గైడ్‌లు అడుగుతారని అందరూ వాడేస్తారు. చదువు, ఉద్యోగం, ఆదాయం కలిపి ఒక్క మార్కు చేస్తే ఏది జబ్బు చేసిందో ఎలా తెలుస్తుంది? వాడండి, కానీ గదికెంతమంది, పొయ్యి ఎక్కడ, ఆ ఇంట్లో ఎన్నేళ్లు అన్నవి విడిగా రాయండి.

రెండు వారాలు దాటిన దగ్గు కనిపిస్తే టీబీ పరీక్షకి ఎక్కడికి పంపుతారో ఎథిక్స్ కమిటీ దరఖాస్తులోనే రాసిపెట్టండి.