నీవ్ అనే ఐరిష్ పేరుకు అర్థం ఏమిటి, ఎందుకంత ఇష్టపడతారు?

నీవ్ అంటే ఐరిష్‌లో వెలుగు, మెరుపు. ఎన్-ఐ-ఏ-ఎం-హెచ్ అని రాస్తారు కాబట్టి కొత్తవాళ్లు 'నియామ్' అని చదివేస్తారు, కానీ అక్కడ ఎం పక్కన హెచ్ చేరితే 'వ' పలుకుతుంది. మన చెవికైతే అచ్చం 'నీవు'!

అసలు ఆకర్షణ ఈ పేరు వెనకున్న ఐరిష్ పురాణ కథలో ఉంది. బంగారు జుట్టు నీవ్ తెల్లగుర్రమెక్కి వచ్చి, ఒషీన్ అనే వీరుణ్ని ముసలితనమే లేని తీర్ నా నోగ్ అనే మాయాలోకానికి తీసుకుపోతుంది. అక్కడ అతను మూడేళ్లనుకున్నది ఐర్లాండ్‌లో 300 ఏళ్లు. ఊరిమీద బెంగపడితే గుర్రమిచ్చి పంపుతూ, కాలు నేలకి తగలనివ్వకు అంటుంది. దారిలో ఎవరికో బండరాయి కదపడంలో సాయం చేయబోయి జారిపడతాడు, పడీ పడగానే పండుముసలి. పాపకి పెట్టుకుంటే ఒక్కటే తలనొప్పి, ఐర్లాండ్ బయట స్పెల్లింగ్ చెప్పీ చెప్పీ అలిసిపోతుంది.