ఒకే కణంలో తల ఎటు, తోక ఎటు?

ప్రశ్న: పండ్ల ఈగ గుడ్డులో తల వైపు ఒక మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ (ప్రోటీన్ తయారీకి సూచనలు మోసే అణువు), తోక వైపు మరొక మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ ముందే చేరి ఉంటాయని చదివాను. అడ్డుగోడలు లేని ఒకే కణంలో ఈ అణువులు కలిసిపోకుండా తమ తమ చోట్లకు ఎలా చేరుతున్నాయి? ఆర్‌ఎన్‌ఏను మోసుకెళ్లే బదులు, తయారైన ప్రోటీన్‌నే అక్కడికి పంపితే సరిపోదా?

జవాబు: మీ రెండో సందేహాన్ని ముందు తీసుకుంటాను, ఎందుకంటే మొదటిదానికి దారి అందులోనే ఉంది. ఒక మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ అణువు నుంచి అనేక ప్రోటీన్ అణువులు తయారవుతాయి కాబట్టి, ఆర్‌ఎన్‌ఏను తరలించడంలో పొదుపు ఉన్న మాట నిజమే. అయితే అసలు కారణం పొదుపు కాదని నా అభిప్రాయం. ఈ ప్రోటీన్లు చేరకూడని చోట చేరితే పిండానికే ప్రమాదం. తోక కొసన పనిచేయవలసిన నానోస్ ప్రోటీన్ తల వైపు తయారయ్యేలా పరిశోధకులు జన్యువును మార్చినప్పుడు, ఆ పిండాలకు తల ఏర్పడవలసిన చోట రెండో ఉదరం ఏర్పడింది. అందుచేత సరైన చోటికి చేర్చడం ఎంత అవసరమో, చేరేదాకా ప్రోటీన్ తయారు కాకుండా ఆపి ఉంచడం కూడా అంతే అవసరం.

ఇక ప్రయాణం సంగతి. అండాశయంలో ఒక మూలకణపు సంతతి కణం నాలుగుసార్లు విభజన చెంది 16 కణాలవుతుంది. విభజన పూర్తిగా తెగకపోవడం వల్ల, వాటి మధ్య సన్నని వలయాకారపు ద్వారాలు మిగిలిపోతాయి. వాటిలో ఒకటి అండకణంగా మారుతుంది, మిగిలిన 15 పోషక కణాలుగా ఉండిపోతాయి. అండకణపు కేంద్రకం చాలావరకు నిద్రాణంగా ఉంటుంది కనుక, దానికి కావలసిన ఆర్‌ఎన్‌ఏలో అధికభాగం పోషక కణాల్లోనే తయారై ఆ ద్వారాల గుండా వస్తుంది. చాలా ఆర్‌ఎన్‌ఏల విషయంలో, ఎక్కడికి వెళ్లాలో తెలిపే సంకేతం ప్రోటీన్‌కు సూచనలిచ్చే భాగంలో కాక, దాని తరువాత వచ్చే, ప్రోటీన్‌గా అనువాదం కాని (అంటే ప్రోటీన్ తయారీకి వాడబడని) చివరి భాగంలో ఉంటుంది. అక్కడ ఆర్‌ఎన్‌ఏ పోగు తనపై తానే ముడుచుకొని ఏర్పరచే ఆకృతులను ఈగాలిటేరియన్ అనే ప్రోటీన్ గుర్తిస్తుంది, అది బైకాడల్-డి అనే మరో ప్రోటీన్ ద్వారా డైనీన్ అనే మోటార్ ప్రోటీన్‌తో జతకడుతుంది, డైనీన్ సూక్ష్మనాళికల (కణంలో పట్టాల్లా పనిచేసే సన్నని గొట్టాల) వెంట ఆ సరుకును అండకణంలోకి లాక్కొస్తుంది.

అండకణంలోకి వచ్చాక దారులు వేరవుతాయి. తల భాగాన్ని నిర్ణయించే బైకాయిడ్ ఆర్‌ఎన్‌ఏ ముందు కొసన నిలిచిపోతుంది. గుర్కెన్ ఆర్‌ఎన్‌ఏ అండకణపు కేంద్రకం పక్కకు చేరుతుంది. అక్కడ తయారైన ప్రోటీన్ అండకణాన్ని చుట్టి ఉన్న పుటక కణాలకు సంకేతం పంపి, వీపు ఏ వైపు ఉండాలో తేలుస్తుంది. అన్నింటికంటే ఆసక్తికరమైనది, వెనుక కొసన బీజకణాల ఏర్పాటుకు నాంది పలికే ఆస్కార్ ఆర్‌ఎన్‌ఏ. దాన్ని కైనేసిన్ అనే మరో మోటార్ వెనుక కొస వైపు తీసుకెళ్తుంది. అయితే సూక్ష్మనాళికలన్నీ ఒకే దిక్కుకు పరచిన పట్టాలు కావు. 2008లో ప్రచురితమైన సజీవ చిత్రీకరణలో ఆస్కార్ రేణువులు అన్ని దిక్కులకూ కదులుతూ కనిపించాయి. వెనుక కొస వైపు కదలికలు కొద్దిగా మాత్రమే ఎక్కువ. ఆ కొద్దిపాటి ఆధిక్యమే అనేక ప్రయత్నాల మీద పేరుకొని, కొసకు చేరినవి అక్కడే పట్టుబడి ఉండడంతో, గమ్యం సాధ్యమవుతుంది. దారిలో ఉన్నంతసేపూ బ్రూనో అనే ప్రోటీన్ దాని అనువాదాన్ని అణచి ఉంచుతుంది. మరొక విచిత్రం ఏమిటంటే, ఈ ప్రయాణానికి కేంద్రకంలోనే ముందస్తు ఏర్పాటు జరగాలి. ఆస్కార్ తొలి ప్రతిలో ఉండే మొదటి ఇంట్రాన్ (కేంద్రకంలోనే కత్తిరించి తీసివేసే భాగం) కత్తిరింపు జరగకపోతే, ఆ ఆర్‌ఎన్‌ఏ వెనుక కొసకు సరిగా చేరదు.

గమ్యం సంకేతానికి ఎంత బలముందో 1992లో ఆన్ ఎఫ్రుసీ, రూత్ లేమన్ అనే పరిశోధకులు చేసిన ప్రయోగం చూపింది. ఆస్కార్ ఆర్‌ఎన్‌ఏ చివరి భాగాన్ని తీసివేసి, దాని స్థానంలో బైకాయిడ్ చివరి భాగాన్ని అతికించగా, అది ముందు కొసకు చేరింది. ఫలితంగా, వెనుక కొసన మాత్రమే ఏర్పడవలసిన బీజకణాలు (తరువాత అండాలు, వీర్యకణాలుగా మారేవి) ముందు కొసన కూడా ఏర్పడ్డాయి.

చేరడం ఒక్కటే చాలదనడానికి నానోసే సాక్ష్యం. దానికి మోటార్ సహాయం ప్రధానం కాదు. అండకణం పెద్దదయ్యాక పోషక కణాలు తమ ద్రవ్యాన్నంతా దానిలోకి ఒంపేస్తాయి. ఆ ప్రవాహంలో తిరుగుతున్న నానోస్ ఆర్‌ఎన్‌ఏ అణువుల్లో వెనుక కొసను తాకినవి అక్కడి ప్రత్యేక ద్రవ్యంలో చిక్కుకుంటాయి. ఇలా చిక్కేది మొత్తంలో సుమారు 4 శాతమే! మిగతాదంతా గుడ్డు నిండా చెదిరి ఉంటుంది. పిండదశలో స్మాగ్ అనే ప్రోటీన్ దాని అనువాదాన్ని ఆపడమే కాక, దాని విధ్వంసానికీ తోడ్పడుతుంది. కాబట్టి నానోస్ విషయంలో స్థానాన్ని నిర్ణయించేది రవాణా కంటే ఈ నిశ్శబ్దమే అనడం న్యాయం.

ప్రశ్న: కంటికి కనిపించని అణువుల కదలికను ఇంత కచ్చితంగా ఎలా చెప్పగలుగుతున్నారు? ఇది ఈగకే పరిమితమైన ఏర్పాటా?

జవాబు: ఒక ఆర్‌ఎన్‌ఏకు జతగా కుదిరే రంగు లేదా కాంతి తగిలించిన పోగును కణంలోకి పంపితే, అది తన జతను పట్టుకొని చోటు చూపిస్తుంది. అయితే ఆ పద్ధతిలో కణాన్ని ముందే చంపి స్థిరపరచాలి. బతికి ఉన్న అండకణంలో చూడాలంటే, ఎంఎస్2 అనే వైరస్ నుంచి తీసుకున్న ముడుల వరుసను ఆర్‌ఎన్‌ఏలో చేరుస్తారు. ఆ ముడులను పట్టుకునే వైరస్ ప్రోటీన్‌కు పచ్చగా వెలిగే ప్రోటీన్‌ను జోడిస్తారు. అదనపు ముడుల వల్ల ఆర్‌ఎన్‌ఏ నడవడికే మారిపోయే అవకాశం ఉంది. అందుకే సొంత జన్యువు పాడైన ఈగలో ఈ మార్చిన ఆర్‌ఎన్‌ఏ ఆ లోటును తీర్చగలుగుతోందో లేదో ముందు పరీక్షించాలి. ఆ పరీక్ష లేని చిత్రాలను నేనైతే అంతగా నమ్మను.

ఈగకే పరిమితం కాదు. ఈస్ట్‌లో ఏష్1 అనే ఆర్‌ఎన్‌ఏ మొగ్గ (తల్లి కణం నుంచి మొలిచే పిల్ల కణం) కొసకు చేరుతుంది, కప్ప అండకణంలో వీజీ1 అనేది ఒక ధ్రువానికి చేరుతుంది. ఈగ విషయానికే వస్తే, 2007లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో తొలిదశ పిండాల్లో పరీక్షించిన 3,370 జన్యువుల్లో, ఆర్‌ఎన్‌ఏ కనిపించినవాటిలో సుమారు 71 శాతానికి కణంలో ప్రత్యేక స్థానాలు ఉన్నట్లు తేలింది.