నాణేలను 'పునర్ముద్రించడం' సబబేనా?

సందేహం: మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ. మా అమ్మాయి మరాఠీ బడిలో చదువుతోంది, తెలుగు ఇంట్లో నేర్పుతున్నాను. "శాతకర్ణి నహపాణుడి నాణేలను పునర్ముద్రించాడు" అన్న వాక్యం దగ్గర ఇద్దరం ఆగిపోయాం. పునర్ముద్రణ పుస్తకాలకు కదండీ? పైగా మరాఠీలో 'నాణే' అంటే ఒక్కటే. తెలుగులో బహువచనం నాణేలా, నాణాలా?

సమాధానం: రెండోది తేలిక, ముందు అది చెప్పేస్తాను. నాణెము, గుర్రము లాంటి మాటలకు 'లు' చేరితే వాడుకలో 'ము' జారిపోయి దాని ముందున్న అక్షరానికి దీర్ఘం వస్తుంది: గుర్రాలు, పుస్తకాలు, నాణేలు. 'నాణాలు' అనేవాళ్లూ ఉన్నారు. మాటల్లో తప్పుపట్టను గానీ రాతలో నాణేలే రాయించండి.

ఇక పునర్ముద్రణ. మీ అనుమానం నిజమే. పుస్తకం విషయంలో అది ఉన్నదాన్నే మళ్లీ అచ్చువేయడం. శాతవాహన రాజు శాతకర్ణి చేసింది అందుకు తలకిందులు. మీ గోదావరికే ఎగువన, నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో 1906లో 13 వేలకు పైగా వెండి నాణేలు దొరికాయి. అన్నీ అతని చేతిలో ఓడిన శక రాజు నహపాణుడివే. వాటిలో 9 వేలకు పైగా నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన అచ్చు కొట్టించాడు. పాతవాటిని కరిగించనే లేదు. ఒకవైపు మూడు కమానుల కొండ గుర్తు, చుట్టూ తన పేరు, రెండోవైపు ఉజ్జయిని చిహ్నం, అంటే నాలుగు కొసలా సున్నాలున్న కూడిక గుర్తు. దెబ్బ సరిగ్గా పడని నాణేల మీద నహపాణుడి ముఖం ఆనవాళ్లూ, గ్రీకు అక్షరాల తునకలూ ఇప్పటికీ కనిపిస్తాయి. నాసిక్ గుహలో తల్లి గౌతమీ బాలశ్రీ వేయించిన శాసనం, నహపాణుడి క్షహరాత వంశాన్ని నిశ్శేషం చేశాడని అతన్ని పొగిడింది. కానీ ఆ శాసనం చూడాలంటే కొండెక్కాలి. ఈ నాణెం మాత్రం ఓడినవాడి ముఖాన్నీ గెలిచినవాడి పేరునూ మోసుకుని సంతకొస్తుంది!

కాబట్టి "నహపాణుడి నాణేల మీద శాతకర్ణి తన ముద్ర కొట్టించాడు" అని రాయించండి. 'ముద్ర వేశాడు' అన్నా తప్పు లేదు గానీ, నటులూ క్రికెటర్లూ రోజూ 'తమదైన ముద్ర' వేసేస్తుండటంతో ఆ మాట అరిగిపోయింది. కొట్టించాడంటే సుత్తి చప్పుడు వినిపిస్తుంది. 'తిరిగి అచ్చొత్తించాడు' అని కొందరు రాస్తారు. ఆ 'తిరిగి'తో మళ్లీ పుస్తకం చిక్కే.

అమ్మాయి 'ఒక నాణే' అని రాస్తే దిద్దండి, కోప్పడకండి. మరాఠీ నాణే, మన నాణెం రెండూ సంస్కృత 'నాణకం' నుంచి వచ్చినవే.