వెతికిన గుర్తు దొరకనప్పుడు వచ్చే సున్నా

ప్రశ్న: మా పట్టికలోని కోడ్ కాలమ్‌లో ‘4521-67’ వంటి విలువలున్నాయి. చార్‌ఇండెక్స్‌తో హైఫన్ స్థానం కనుక్కొని, అందులోంచి 1 తీసేసి, ముందు భాగాన్ని లెఫ్ట్‌తో విడదీస్తున్నాను. కొద్ది వరుసల మీద క్వెరీ సరిగానే నడిచింది. మొత్తం పట్టిక మీద నడిపితే మాత్రం ఎస్‌క్యూఎల్ సర్వర్ పొడవు చెల్లదంటూ ఆగిపోతోంది. ఎందుకు? వేరే డేటాబేస్‌లలోనైనా ఇది నడుస్తుందా?

జవాబు: మీ పట్టికలో హైఫన్ లేని కోడ్ ఒక్కటైనా ఉండి ఉంటుంది. చార్‌ఇండెక్స్ స్థానాలను 1 నుంచి లెక్కిస్తుంది, వెతికినది దొరకకపోతే 0 ఇస్తుంది. ‘4521-67’లో హైఫన్ 5వ స్థానంలో ఉంది కనుక లెఫ్ట్‌కు 4 అందుతుంది, అదే ‘8830’ దగ్గర అందేది -1, అది పొడవు కాలేదు కనుక క్వెరీ అక్కడే ఆగిపోతుంది. చార్‌ఇండెక్స్ ఫలితాన్ని నల్‌ఇఫ్ ఫంక్షన్‌లో పెట్టి, 0 వచ్చినచోట నల్ (అంటే ‘విలువ లేదు’) అయ్యేలా రాయండి. అప్పుడు ఆ వరుసకు జవాబుగా నల్ వస్తుంది, మిగతా వరుసలు యథాప్రకారం నడుస్తాయి. హైఫన్ లేనివాటిని వేర్ షరతుతో ముందే తప్పిస్తే చాలదా అనిపించవచ్చు గానీ, షరతు చూడకముందే సెలెక్ట్‌లోని లెక్కను ఎస్‌క్యూఎల్ సర్వర్ చేసే అవకాశం ఉంది కనుక ఆ దారిని నమ్ముకోవద్దని నా సలహా.

నిజానికి ఎర్రర్ రావడమే మీకు మేలు చేసింది. ఇదే పనిని పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో, చార్‌ఇండెక్స్ లాగే స్థానం చెప్పే స్ట్ర్‌పాస్‌తో రాస్తే, అక్కడి లెఫ్ట్ -1కి ‘చివరి అక్షరం వదిలి మిగతాదంతా’ అని అర్థం చెప్పుకొని, ‘8830’ బదులు ‘883’ను నిశ్శబ్దంగా చేతిలో పెడుతుంది. అలాంటి తప్పు నెలల తరబడి ఎవరి కంటా పడకపోవచ్చు.

డేటాబేస్ మారితే, స్థానం వెతికే ఫంక్షన్‌కు ఏది ముందివ్వాలి, ఏది తర్వాతివ్వాలి అన్నది కూడా చూసుకోండి. చార్‌ఇండెక్స్‌కూ మైఎస్‌క్యూఎల్‌లోని లొకేట్‌కూ వెతికే ముక్కను ముందివ్వాలి. ఒరాకిల్, మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూలైట్‌లలోని ఇన్‌స్టర్‌కూ పోస్ట్‌గ్రెస్‌లోని స్ట్ర్‌పాస్‌కూ పాఠాన్ని ముందివ్వాలి. తారుమారైతే ఎర్రర్ రాదు, సాధారణంగా 0 వస్తుంది, ‘లేదు కాబోలు’ అనుకొని ముందుకు సాగిపోతాం.

తెలుగు పాఠంలో వెతికేవారికి మరొక మాట. ‘తెలుగు’లో ‘గు’ మన కంటికి 3వ అక్షరం; పోస్ట్‌గ్రెస్ మాత్రం గుణింతపు గుర్తులనూ విడిగా లెక్కించి 5 అంటుంది. మొదటి మూడక్షరాలు కావాలని లెఫ్ట్‌కు 3 ఇస్తే వచ్చేది ‘తెల’.